మన చేతుల చరిత్ర – 7: నడుం పట్టేస్తే అంటు ఎటు పోతుంది?



తోలు గురించి, డప్పు గురించి, పురుడు గురించి ఈ వరుసలో ఇంతకు ముందు మాట్లాడుకున్నాం. ఈసారి నొప్పి గురించి మాట్లాడుకుందాం. మెడ పట్టేయడం, నడుం పట్టేయడం, కాలు బెణకడం, భుజం పైకి లేవకపోవడం వంటివి చావు తెచ్చే జబ్బులు కావు. కానీ కూలి పోతుంది. నాలుగు రోజులు మంచం మీద ఉంటే ఇంట్లో పొయ్యి వెలగదు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని అంతర్జాతీయ లెక్క. మనిషిని పనికి రాకుండా చేసే కారణాల్లో మొదటిది ఇదే.

ఈ నొప్పికి మనిషికి తెలిసిన అతి పాత వైద్యం చెయ్యి. ఒత్తడం, పిసకడం, లాగడం, తిప్పడం, కట్టు కట్టడం. ఇవాళ దీన్ని మాన్యువల్ థెరపీ అంటున్నారు. ఫిజియోథెరపీ క్లినిక్‌లో తెల్ల కోటు వేసుకుని చేస్తే అది వైద్యం. గడిలో దొర కాళ్ల దగ్గర కూర్చుని చేస్తే అది వెట్టి. రెండింటిలోనూ కదిలేది పది వేళ్లే. మరి తేడా ఎక్కడ పుట్టింది? ఒక దగ్గర గౌరవం, ఇంకో దగ్గర అవమానం ఎందుకు? ఇదే ఇవాళ్టి ప్రశ్న.

ముందు మన దేశం దాటి అమెరికా వెళ్దాం. కారణం ఉంది. ఫూలే 1873లో గులాంగిరీని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి యువకులు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల చరిత్రను మన చరిత్ర పక్కన పెట్టి చదవడం మన పెద్దలు నేర్పిన అలవాటు.

హార్వే లిలార్డ్ వెన్ను

అయోవా రాష్ట్రంలో మిసిసిపి నది ఒడ్డున డావెన్‌పోర్ట్ అనే ఊరు ఉంది. 1895లో అక్కడ రయాన్ బిల్డింగ్ అనే భవనంలో డి.డి. పామర్ అనే ఆయన వైద్యం చేసేవాడు. చదువుకున్న డాక్టరు కాదు. అంతకు ముందు కిరాణా కొట్టు నడిపాడు. చేతుల్లోంచి అయస్కాంత శక్తి పంపి జబ్బులు నయం చేస్తానని చెప్పుకునేవాడు. అదే భవనాన్ని ఊడ్చి శుభ్రం చేసే మనిషి హార్వే లిలార్డ్. నల్లజాతివాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవు.

పామర్ చెప్పిన కథ ఇది. పదిహేడేళ్ల కింద ఇరుకు చోట వంగి పని చేస్తుండగా వీపులో ఏదో కదిలినట్టయిందని, అప్పటి నుంచి చెవుడు వచ్చిందని లిలార్డ్ తనతో చెప్పాడట. తాను వీపు తడిమి చూస్తే ఒక వెన్నుపూస చోటు తప్పి కనిపించిందట. దాన్ని చేత్తో నెట్టాడట. చెవుడు పోయిందట. తేదీ 1895 సెప్టెంబర్ 18. కైరోప్రాక్టిక్ వైద్యం తన పుట్టినరోజుగా చెప్పుకునే తేదీ ఇదే.

లిలార్డ్ కూతురు తర్వాత చెప్పిన కథ వేరు. నాన్న ఎవరితోనో జోకులు చెబుతుంటే పామర్ విని, నవ్వుతూ వీపు మీద ఒక చరుపు చరిచాడట. కొన్నాళ్లకు వినికిడి కాస్త మెరుగైందని నాన్న అన్నాడట. రెండు కథల్లో ఏది నిజమో తేల్చడం మన పని కాదు. ఒక్కటి మాత్రం గమనించండి. లోకమంతా తిరిగింది పామర్ కథే.

కైరోప్రాక్టిక్ అన్న పేరు గ్రీకు మాటల నుంచి వచ్చింది. పామర్ దగ్గర వైద్యం చేయించుకున్న ఒక క్రైస్తవ బోధకుడు ఆ పేరు కూర్చి ఇచ్చాడు. అర్థం తెలుసా? చేత్తో చేసేది. అంతే. మన భాషలో చేతిపని. మనం చేతిపని అంటే చిన్నచూపు. గ్రీకులో అంటే పట్టా.

1897లో పామర్ బడి మొదలైంది. కొడుకు బి.జె. పామర్ కాలంలో అది వేల మంది చదివే పెద్ద సంస్థ అయింది. ఏ నల్లవాడి వీపు మీద ఆ వైద్యం పుట్టిందో ఆ నల్లవాళ్లను ఆ బడి దశాబ్దాల పాటు విద్యార్థులుగా చేర్చుకోలేదు. లిలార్డ్ కథను ప్రచారానికి వాడుకున్నారు. లిలార్డ్ జాతి పిల్లలకు తలుపు మూశారు.

ఇక్కడ తొందరపడి పామర్‌ను ఒక్క ముక్కలో తేల్చేయకండి. 1906లో అనుమతి లేకుండా వైద్యం చేశాడని ఆయన్ను జైల్లో పెట్టారు. డాక్టర్ల సంఘాలు ఆయన్నూ బయటికి గెంటాలని చూశాయి. అంటే గెంటివేతకు గురైనవాడే తనకంటే కింద ఉన్నవాణ్ణి గెంటాడు. ఇది మనకు కొత్త కాదు కదా. దీన్నే బాబాసాహెబ్ అంతస్తుల అసమానత అన్నాడు. మనం నిచ్చెనమెట్లు అంటాం.

ఇంగ్లండులో ఎముకలు కట్టేవాళ్లు

అమెరికా కంటే ముందే ఇంగ్లండులో ఈ గొడవ ఉంది. అక్కడ ఊరూరా ఎముకలు కట్టేవాళ్లు ఉండేవారు. రైతులు, కమ్మరులు, గొర్రెలు కాసేవాళ్లు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. కొన్నిచోట్ల కూతురికి కూడా. 1736లో సారా మాప్ అనే ఆడమనిషి ఎప్సమ్‌లో ఈ పనితో లండన్ దాకా పేరు తెచ్చుకుంది. హోగార్త్ అనే చిత్రకారుడు డాక్టర్లను ఎగతాళి చేస్తూ వేసిన బొమ్మలో ఆమెను పైన మధ్యలో పెట్టాడు. మరుసటి ఏడు ఆమె పేదరికంలో చనిపోయింది.

1867లో జేమ్స్ పాజెట్ అనే పెద్ద సర్జన్ తోటి డాక్టర్లకు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మన చేతిలో నయం కాని కొన్ని కేసులు వాళ్ల చేతిలో నయమవుతున్నాయి, అందులో మంచిని నేర్చుకుని చెడును వదిలేయండి అన్నది దాని సారం. నాలుగేళ్లకు, 1871లో, వార్టన్ హుడ్ అనే డాక్టరు ఆ విద్యను లాన్సెట్ పత్రికలో రాశాడు. ఆయనకు నేర్పిందెవరు? రిచర్డ్ హట్టన్ అనే ఎముకలు కట్టే మనిషి. హట్టన్ జబ్బు పడితే హుడ్ తండ్రి డబ్బు తీసుకోకుండా వైద్యం చేశాడు. ఆ కృతజ్ఞతతో హట్టన్ తన విద్య మొత్తం ఆ ఇంటి వాళ్లకు చూపించాడు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదీ అని మెచ్చుకోవచ్చు. కానీ ఫలితం చూడండి. విద్య పత్రికకెక్కింది, విద్య తెలిసిన కులవృత్తి మనుషులు మాత్రం దొంగ వైద్యులుగానే మిగిలారు.

మరో ఉదాహరణ. హెర్బర్ట్ బార్కర్ అనే ఎముకలు కట్టే ఆయన రోగులకు మత్తు ఇచ్చినందుకు 1911లో ఆక్స్‌హామ్ అనే డాక్టరు పేరును వైద్యుల పట్టిక నుంచి కొట్టేశారు. 1922లో అదే బార్కర్‌కి రాజు సర్ బిరుదు ఇచ్చాడు. ఆక్స్‌హామ్ పేరు మాత్రం ఆయన చనిపోయే దాకా పట్టికలోకి తిరిగి రాలేదు. తక్కువవాడితో చెయ్యి కలిపినందుకు వెలి. ఇంగ్లండుకు కులం లేకపోయినా వెలి ఉంది.

ఆడవాళ్ల కథ ఇంకొకటి. 1894లో లండన్‌లో మర్దన పేరుతో వ్యభిచారం నడుస్తోందని వైద్య పత్రిక గోల చేసింది. తమ వృత్తి పరువు కాపాడుకోవడానికి నలుగురు నర్సులు, మంత్రసానులు కలిసి శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టారు. పరీక్షలు పెట్టారు, నియమాలు రాసుకున్నారు. డాక్టరు చెప్పనిదే ఎవరినీ తాకకూడదన్నారు. ఇవాళ్టి బ్రిటిష్ ఫిజియోథెరపిస్టుల సంఘం దాని నుంచే వచ్చింది. తాకే పని చేసే ఆడదానికి గౌరవం కావాలంటే ఎన్ని కంచెలు కట్టుకోవాలో చూడండి.

మన దగ్గర

ఇప్పుడు ఇంటికి వద్దాం.

వైద్యుణ్ణి అపవిత్రుడిగా చూడటం ఈ గడ్డ మీద పాత సంగతి. తైత్తిరీయ సంహితలో అశ్వినీ దేవతలు వైద్యులు కాబట్టి, మనుషుల మధ్య తిరుగుతారు కాబట్టి అపవిత్రులు, బ్రాహ్మణుడు వైద్యం చేయకూడదు అని ఉంది. మనుస్మృతి వైద్యుణ్ణి శ్రాద్ధ భోజనానికి పిలవొద్దంది, వైద్యుడి అన్నం చీముతో సమానమంది. వైద్య వృత్తిని అంబష్ఠులనే సంకర కులానికి అప్పగించింది. ప్రాచీన భారతంలో వైద్య శాస్త్రాన్ని వెనక్కి లాగింది ఈ భావజాలమేనని దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ వివరంగా రాశాడు. ఎవరి ఒంటినైనా తాకాలి, ఎవరితోనైనా మాట్లాడాలి, చూసిందే నమ్మాలి. ఈ మూడూ వర్ణధర్మానికి విషం.

సంస్కృతంలో ఒళ్లు పట్టడాన్ని సంవాహనం అంటారు. శూద్రకుడి మృచ్ఛకటికంలో సంవాహకుడని ఒక పాత్ర ఉంది. పాటలీపుత్రంలో గృహస్థుడి కొడుకు. కళగా నేర్చుకున్న విద్య చివరికి బతుకుతెరువైంది. చారుదత్తుడి దగ్గర పని చేశాడు. అక్కడ పని పోయాక జూదంలో పడి అప్పులపాలయ్యాడు. జూదగాళ్లు వెంటపడితే వసంతసేన డబ్బిచ్చి విడిపించింది. ఆ తర్వాత అతను ఎక్కడికి వెళ్లాడు? బౌద్ధ భిక్షువయ్యాడు. శకారుడు గొంతు నులిమి చచ్చిందనుకుని వదిలేసిన వసంతసేనను బతికించింది ఈ భిక్షువే. నాటకం చివర దేశంలోని విహారాలన్నిటికీ పెద్దగా అతన్ని నియమిస్తారు. ఒళ్లు పట్టినవాడు తల ఎత్తుకుని నిలబడే చోటు ఆ నాటకంలో రాజు కొలువు కాదు, బౌద్ధం. ఇది నా వ్యాఖ్యానం. నాటకం చదివి మీరే తేల్చుకోండి.

మన ఊళ్లలో ఈ పని ఎవరిది? ప్రధానంగా మంగలి కులానిది. ఇవాళ నాయీ బ్రాహ్మణులంటున్నాం. క్షవరం, కురుపు కోయడం, ఒళ్లు పట్టడం, బెణుకు తీయడం, సన్నాయి వాయించడం వాళ్ల పనులు. తమిళనాట ఈ కులానికి మరుత్తువర్ అన్న పేరు కూడా ఉంది. ఆ మాటకు అర్థమే వైద్యుడు. అక్కడి అంబట్టన్‌లు వైద్యం చేస్తారని, వాళ్ల ఆడవాళ్లు పురుళ్లు పోస్తారని 1909లో థర్స్టన్ రాశాడు. తెలుగునాట పురుడు పోసి, బాలింత నడుం కట్టి, పసిబిడ్డకు నూనె రాసి కాళ్లు చేతులు సాగదీసిన చేతులు మంగలి ఆడవాళ్లవి, చాలా ఊళ్లలో మాల మాదిగ ఆడవాళ్లవి. ఊరు పుట్టింది ఈ చేతుల్లోనే. పురిటి మైల పోయాక ఆ చేతులు గడప దాటకూడదు.

నిజాం పాలనలో తెలంగాణలో ఇది వెట్టి రూపం తీసుకుంది. పొద్దున క్షవరం, రాత్రి దొర కాళ్లు పిసకడం, ఒళ్లు పట్టడం. కూలి లేదు, కాదనే వీలు లేదు. 1946లో మొదలైన సాయుధ పోరాటంలో సబ్బండ కులాలు ఎందుకు కదిలాయో అర్థం కావాలంటే భూమి లెక్కలు ఒక్కటే చాలవు. రాత్రి దొర నిద్రపోయే దాకా కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి కోపాన్ని కూడా లెక్కలో వేయాలి.

ఇక్కడే మన శీర్షికలోని ప్రశ్న. నడుం పట్టేస్తే అంటు ఎటు పోతుంది? ఎటూ పోదు. పక్కన కూర్చుని ఉంటుంది. నొప్పి తగ్గగానే లేచి వస్తుంది. ఆధిపత్య కులానికి కింది కులం తాకడంతో పేచీ లేదు. సమానంగా తాకడంతోనే పేచీ. పాదాల దగ్గర కూర్చున్న చెయ్యి సేవ. అదే చెయ్యి కరచాలనానికి చాస్తే నేరం.

రెండో వైపు కూడా చెప్పుకోవాలి. లేకపోతే మనం మనల్నే మోసం చేసుకున్నట్టు. దొర కాళ్లు పట్టిన మంగలి మన వాడకు వచ్చి క్షవరం చేశాడా? చేయలేదు. సతారాలో చిన్నప్పుడు తమకు ఏ మంగలీ జుట్టు కత్తిరించేవాడు కాదని, అక్కే కత్తిరించేదని బాబాసాహెబ్ రాసుకున్నాడు. అణగారినవాడి చెయ్యి కూడా తనకంటే కిందివాణ్ణి తాకడానికి నిరాకరించింది. పామర్ కథలో చూసిందే ఇక్కడా చూస్తున్నాం. మంగలి అన్న మాటను తిట్టుగా వాడే మనవాళ్లూ ఉన్నారు. అదీ మానాలి.

చదువుకున్న డాక్టర్ల సంగతి? వీసా కోసం నిరీక్షణలో బాబాసాహెబ్ ఒక ఉత్తరాన్ని చేర్చాడు. కథియవాడ్‌లో ఒక దళిత బడిపంతులు రాసింది. 1929 డిసెంబర్ 12న యంగ్ ఇండియాలో అచ్చయింది. ఆయన భార్యకు కాన్పయ్యాక జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలను బతిమాలి, రెండు రూపాయల ఫీజు ఒప్పుకుంటే, రోగిని వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. పసిబిడ్డ తల్లిని బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు. భర్త భార్యకిచ్చాడు. మళ్లీ అదే దారిలో వెనక్కి. డాక్టరు ఆమెను తాకనే లేదు. ఆమె చనిపోయింది.

మిత్రులారా, వైద్యం అంటే ముందు తాకడం. చెయ్యి పట్టుకుని నాడి చూడటం, పొట్ట నొక్కి చూడటం, నొప్పి ఎక్కడుందో వేలితో వెతకడం. తాకనివాడికి రోగం తెలియదు. అంటరానితనం మన మనుషులను గుడి బయట ఎంత నిలబెట్టిందో వైద్యం బయట కూడా అంత నిలబెట్టింది.

పాతదంతా బంగారమా?

కాదు. మన చేతుల విద్య అని చెప్పి దాన్ని పూజ చేయొద్దు. పూజ చేసేవాళ్లు వేరే ఉన్నారు.

వెన్నుపూస చోటు తప్పితే జబ్బులన్నీ వస్తాయన్న పామర్ సిద్ధాంతాన్ని సైన్సు ఒప్పుకోలేదు. వీపు ఒత్తితే చెవుడు పోతుందని మీరూ నమ్మకండి. ఒత్తినప్పుడు వచ్చే టక్ శబ్దం ఎముక చోటుకు చేరిన శబ్దం కాదు. కీలు మధ్య ఉండే ద్రవంలో గాలి బుడగల వల్ల వచ్చేది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తన్నితే నడుం నొప్పి పోతుందని మన ఊళ్లలో నమ్మకం. దానికీ ఆధారం లేదు. విరిగిన ఎముకను మర్దన చేస్తే చుట్టూ ఉన్న కండ, నరాలు, రక్తనాళాలు చెడతాయి. వెదురు బద్దలతో కట్టు బిగించి కడితే రక్తం ఆడక చెయ్యే కుళ్లిపోయే ప్రమాదం ఉంది. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఏ ఊరి కట్టైనా సరే, ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే కట్టు. మెడను గట్టిగా తిప్పించుకోవడం ఇంకా ప్రమాదం. అరుదుగానే అయినా మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి.

మరి పనికొచ్చేది ఏమిటి? నిలిచేంత పనికొచ్చేది చాలానే ఉంది. నొప్పి ఉన్నచోట రుద్దితే ఎందుకు హాయిగా ఉంటుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు. తాకిడి కబురు తీసుకెళ్లే నరాలు వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డుపడతాయని దాని సారం. పట్టేసిన కీలును మెల్లగా, హద్దు తెలిసి కదిపితే కదలిక తిరిగి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాల నడుం నొప్పికి ఇచ్చిన సూచనల్లో వ్యాయామంతో పాటు వెన్నును చేత్తో సవరించడం, మర్దన కూడా ఉన్నాయి. ఫలితం గొప్పది కాదు, ఒక మోస్తరుదే. అసలు పని వ్యాయామానిదే. చెయ్యి దానికి దారి చూపుతుంది.

ఇప్పుడు మన పని

మన దేశంలో ఫిజియోథెరపీ చదువు 1950ల మొదట్లో బొంబాయిలో పోలియో విజృంభించాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో మొదలైంది. 2021లో కేంద్రం ఈ వృత్తులకు ఒక చట్టం తెచ్చి జాతీయ కమిషన్ పెట్టింది. వృత్తికి హోదా వచ్చింది. మంచిదే. కానీ మూడు ప్రశ్నలు అడగకుండా ఈ భాగం ముగించలేను.

ఒకటి. నడుం ఎక్కువగా విరిగేది ఎవరికి? బస్తాలు మోసే హమాలీకి, నాట్లు వేసే కూలీ తల్లికి, ఇటుక బట్టీ కార్మికుడికి, రోడ్లు ఊడ్చే పారిశుధ్య కార్మికురాలికి. 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయపరిచేంత బరువు ఎవరి చేతా మోయించకూడదని చెప్పేది. అది ఫ్యాక్టరీ గేటు లోపలి మాట. పొలానికి, వీధికి ఆ గేటు లేదు. వాళ్లు వెళ్లే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపిస్టు ఉన్నారా? మీ మండలంలో వెళ్లి చూడండి. లేకపోతే అర్జీ పెట్టండి.

రెండు. లిలార్డ్ పిల్లలకు మూసిన తలుపు మన పిల్లలకు తెరిచి ఉందా? సీటులో రిజర్వేషన్ ఉంటే చాలదు. ప్రైవేటు కాలేజీ ఫీజు, స్కాలర్‌షిప్పు ఆలస్యం, క్లినిక్ పెట్టుకునే పెట్టుబడి, ఇవన్నీ తలుపులే. ఈ కోర్సు చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు నేర్చుకుంటున్నది అరువు తెచ్చుకున్న విద్య కాదు. మీ అమ్మమ్మల చేతులకు తెలిసిన దాన్నే పరీక్షించి, తప్పులు తీసేసి, పేరు మార్చి మీకు నేర్పుతున్నారు. తల దించుకుని నేర్చుకోనక్కర్లేదు. కళ్లు మూసుకుని నమ్మనూ అక్కర్లేదు.

మూడు. మంత్రసానులు, బెణుకులు తీసేవాళ్లు ఇంకా ఊళ్లలో బతికే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసుకోండి. ఏ నొప్పికి ఎక్కడ పట్టేవారు, ఏది చేయకూడదనేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పని అయ్యాక వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టేవారు. చివరి ప్రశ్న మర్చిపోకండి. హట్టన్ విద్యను హుడ్ రాశాడు కాబట్టి హుడ్ పేరు ముందుంది. ఈసారి రాసేది మనమే అయితే, నేర్పినవాళ్ల పేరు ముందు రాద్దాం. వాళ్లు ఒప్పుకుంటేనే రాద్దాం.

వచ్చే భాగంలో సన్నాయి గురించి మాట్లాడుకుందాం. అదే కులం, అవే వేళ్లు, ఇంకో పని. మీ ఊళ్లో విన్న సంగతులుంటే కామెంట్లలో పెట్టండి.

జై భీమ్. జై ఫూలే.